కిరీటం మీద పది

ఆ పొద్దు నాయిన పైసలను మూడు మూటలు గట్టిండు.
బస్సుకొకటి, తిండికొకటి, సామానుకొకటి.
నాలుగోది గట్టలే.
పోయినేడు ఆ నాలుగోదే
రెండు పొట్టేళ్ళ పైసలు మింగి
మమ్ముల అమ్మాపురం దాకా నడిపిచ్చింది.
అమ్మ ఏమనలే.
మూడు మూటలూ గుంజుకుని రవికెల దోపుకున్నది.

కురుమూర్తి గుట్ట కింద దుమ్ము
మనుషులకన్నా ముందే లేచి తిరుగుతుంటది.
ఉద్దాల దినం.
స్వామి చెప్పులు నెత్తికి తాకాలని
ఒకరి మీద ఒకరు ఒంగుతున్నరు.
నాయిన సుత ఒంగిండు.
ఆయన కాళ్ళవి మాత్రం
ఒకటి పిన్నీసు మీద, ఒకటి సుతిలి మీద నడుస్తున్నయి.

దాసంగం పెట్టినంక
కొత్త పటువలోని అన్నంల పచ్చిపులుసు పోసుకుని
ఎండకు ఒక పక్క, నీడకు ఒక పక్క కూసోని తిన్నం.
అది మొక్కు తిండి.
అసలు తిండి పొద్దుగూకినంక,
బొగ్గుల మీద చీకులు చిటపటమంటుంటే
తమ్ముడు కుర్మయ్య పుల్లలు లెక్కబెట్టి
"అక్కకు ఒకటెక్కువొచ్చింది" అని ఏడ్చేది.

అమ్మది వేరే ఆట.
స్టీలు బిందెలోళ్ళ కాడ
ప్రతి బిందెనూ వేలి మెటికెతో కొట్టి
చెవి పెట్టి ఇంటది, ధర అడుగుతది,
సగం చెప్తది, నాలుగడుగులు ఏస్తది,
పిలుస్తరేమోనని మెడ తిప్పకుండ చూస్తది.
పదకొండు బిందెలు మోగిచ్చి
చివరికి ఒక జల్లెడ కొన్నది.

నాయిన చెరుకురసం మిషను పక్కన
బీడి ముట్టిచ్చి కూసున్నడు.
ఎదురుంగ, గ్యాసులైటు కింద, గుడ్డ మీద ఆరు గడులు:
జెండా, కిరీటం, ఇస్పేట్, కళావర్, డైమన్, ఆఠీన్.
డబ్బా గిలకొట్టేటోడు గొంతు పోయినా ఒర్రుతున్నడు,
"రెండు పడితే రెండింతలు, మూడు పడితే మూడింతలు!"

జూదమంటే కాండ్రించి ఉమిసే మా జములవ్వ
ఎప్పుడు పోయి అండ్ల కూసున్నదో ఎవరం చూడలే.
బొడ్లె సంచి ఇప్పి పదిరూపాయల కాయితం
కిరీటం మీద పెట్టింది.
మూడు కిరీటాలు పడ్డయి. ముప్పై.
ముప్పైనీ తియ్యలే. రెండు పడ్డయి. అరవై.
అరవైనీ తియ్యలే.
అమ్మ జల్లెడ సంకన బెట్టుకుని ఊపిరి బిగపట్టింది.
నూటెనభై.

"ఇంకొక్కసారి అవ్వా, నీ చేతిల లక్ష్మి ఉన్నది" అన్నడు డబ్బాయన.
అవ్వ లేచింది.
కొంగు దులిపింది, నోట్లు మడిచింది,
ఎనక్కి చూడకుండ వచ్చేసింది.

నాయిన మొఖంల రంగు మారింది.
"ఎట్ల లేచినవే అవ్వా?
నాకెన్నడూ రాలేదు గదనే, ఆ లేసుడు."
"కాలు తిమ్మిరెక్కిందిరా ఆశన్నా,
కూసోబుద్ది కాలే."
అంతకన్నా పెద్ద మాట మేం అడిగినా చెప్పలే.

రెండువందల ఇరవై చెప్పిన రబ్బరు చెప్పులను
అమ్మ మెడ తిప్పకుండ చూసి నూటెనభైకి తెచ్చింది.
పాతవాటిని నాయిన అక్కడ్నే పారేయలే,
పిన్నీసు ఊడదీసి జేబుల ఏసుకున్నడు.

ఆఖరి బస్సు, మక్తల్ తొవ్వ.
కుర్మయ్య నా ఒళ్ళె నిద్రపోయిండు, నోట్లె ఇంకా చీకు పుల్ల.
చీకట్ల నాయిన మెల్లగ అమ్మతోని అన్నడు:
"దూరం కూసోని నేను సుత ఆడిన, తిప్పమ్మా.
మనసుల.
జెండా మీదనే పెట్టుకుంట వచ్చిన.
పదకొండువందలు పోయినయి."

అమ్మ రవికెలోని మూడు మూటలు ఒక్కొక్కటి
వేళ్ళతో తడిమి చూసుకున్నది.
"ఉన్నయి" అన్నది.
తరువాత చాలా సేపటికి, ఎందుకో,
జల్లెడ కింద మొఖం దాచుకుని
కడుపు పట్టుకుని నవ్వింది.