ఆలస్యానికి పది షిల్లింగులు

పెట్టె చిన్నదే.
పచ్చరంగు రేకుపెట్టె, మూడు తాళాలు.
ఒక తాళంచెవి మామిడిపళ్ళమ్మే కిమోయి మెడలో,
ఒకటి నా సుద్దముక్కల డబ్బాలో,
మూడోది కెరియో ఏటికి అవతల
మేకల చెపొసెర నడుముకి.

ముగ్గురూ కూర్చుంటేనే మూత లేవాలని
మేమే రాసుకున్నాం.
దొంగల్ని తలుచుకుని రాసిన నియమం అది.
తుపాకుల సంగతి ఎవరికీ తట్టలేదు.

నా పేరు జెలగాట్. పద్దు రాసేదాన్ని.
ఈ ఒడ్డు మరక్వెట్ ఆడవాళ్ళం పదిహేనుమంది,
ఆ ఒడ్డు పోకోట్ వాళ్ళు పదకొండు.
బుధవారం బుధవారం ఏటి ఇసుకలో సంత,
సంత మధ్యలో పెట్టె.
వారానికి యాభై. ఆలస్యమైతే పది జరిమానా.
ఆ డబ్బుతో కిమోయి
మామిడి ముక్కలు ఎండబెట్టే జల్లెళ్ళు కొంది.
చెపొసెర మొగుణ్ణి అడక్కుండా ఓ ఆడమేకని కొంది.
కొన్న రాత్రి నిద్రపట్టలేదట,
అది అరిచినప్పుడల్లా లేచి కూర్చుని
"నాదే, నాదే" అనుకుందట.

తర్వాత ఆ మంగళవారం.
ముందు పశువులు పోయాయి, ఆపైన పొగ,
ఆపైన మనుషులు.
మొదలెట్టింది ఎవరంటే
ఏ ఒడ్డు లెక్క ఆ ఒడ్డుది.
నా పద్దులో దానికి గడి లేదు.

ఏడు బుధవారాలు ఇసుక మీద అడుగు పడలేదు.
పళ్ళు కొమ్మల కిందే పులిసిపోయాయి.
పెద్దలు శాంతి మాట్లాడారు,
కుర్చీలన్నీ మగవాళ్ళవి,
టీ మాది.
పట్నం నుంచి సంస్థ కుర్రాడొకడు కాగితం పట్టుకొచ్చి
శాంతి ఎంత శాతం పెరిగిందని అడిగాడు.
"ముందు తాళం తియ్యనీ నాయనా,
తర్వాత లెక్కపెడదాం" అంది కిమోయి.

కోడలికి నెలలు నిండాయి.
డబ్బు పెట్టెలో, పెట్టె మంచం కింద.
మరిది గొడ్డలి తెచ్చాడు.
"ఒక్క దెబ్బ. శత్రువు తాళానికి మర్యాదేంటి?"
కిమోయి పెట్టెని బయటికి లాగి దానిమీదే కూర్చుంది.
గిన్నె అక్కడికే తెప్పించుకుంది.
"కొట్టు మరి" అంది,
నోట్లో ముద్ద నములుతూనే.

ఎనిమిదో వారం
మేకలు కాసే పిల్లొకతి పాలబుర్ర తెచ్చింది.
పాలు వొంపితే అడుగున తాళంచెవి.
కబురేమీ లేదు.
అమ్మయ్య అనుకున్నాను నేను.
కిమోయి దాన్ని కడిగింది, కొంగుతో తుడిచింది,
తిరిగి అదే బుర్రలో వేసి
పైదాకా ఎండుమామిడి కూరింది.
"ఇనుప ముక్క మాకెందుకు?
మనిషిని రమ్మను."

తొమ్మిదో బుధవారం
పెట్టెని చెరోవైపు పట్టుకుని
ఏటి నడిమధ్యకి మోసుకెళ్ళాం.
ఎండ నడినెత్తికొచ్చింది, వాలింది.
నా గుండె చప్పుడు నాకే చిరాకేసింది.
అప్పుడు అటునుంచి చెపొసెర,
ఒక్కతే,
గుండుతో.

ఎవరు పోయారని మేం అడగలేదు.
కిమోయి తన తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.
తనదీ గుండే.
చాలాసేపు ఆ రెండు తలలమీద
ఒకే ఎండ కాసింది.

మూడో తాళం తుప్పుపట్టి మొరాయించింది.
చెపొసెర మేకకొవ్వు రాసి తిప్పింది.
మూత లేచింది.
కోడలి కాన్పుకి రెండువేలు అప్పు,
వడ్డీ మామూలే.

అంతా అయ్యాక పైటచెంగు ముడి విప్పి
చెపొసెర నాణేలు పరిచింది.
"ఎనిమిది వారాలు. ఎనభై."
"వద్దులే, ఇది ఆలస్యమా" అన్నాను.
"రాయి. రేపు ఇంకొకతి రాకపోతే
ఏ మొహం పెట్టుకుని అడుగుతావ్?"

కిమోయి తనదీ ఎనభై పెట్టింది,
"నేను మాత్రం అవతలికి వెళ్ళానా?" అని.
నేను చేబదులు అడిగి నాదీ కట్టాను.

పేరు, తేదీ, సొమ్ము రాశాను.
కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది.
వాళ్ళిద్దరూ అప్పటికే
మేక సంగతి మాట్లాడుకుంటున్నారు.
ఈనిందట, రెండు.
ఒకదానికి ఇంకా నిలబడ్డం రాలేదట.