తరుగు

నా కొట్టుకొచ్చినోళ్లందరు
ముందుగాల కాంటా దిక్కు చూస్తరు.
ఆమె నేల దిక్కు చూసింది.

గోదావరిఖనిల ముప్పై ఏండ్ల సంది
పాత ఇనుప సామాన్ల కొట్టు నాది.
సింగరేణి వేలంల పాడుకున్న
కన్వేయర్ బెల్టు ముక్కలు,
మొండివడ్డ డ్రిల్లు బిట్లు,
బాయిల నుంచి పైకొచ్చి మల్ల దిగని
దీపాల బ్యాటరీ డబ్బలు.
అన్నిటికి ఒక రేటుంటది.
ఆమె అడిగినదానికి లేదు.

"ఆ ఎర్రది అమ్ముతవా అన్నా?"
ఏ ఎర్రది?
"కింద రాలింది."

తుప్పు.
రోజు పొద్దుగాల ఊడ్చి మోరీల పోసేది.

పేరు జమున. చేర్యాల దిక్కు.
వాళ్ల తాత బట్ట మీద కథలు గీసేటోడట,
కట్టెపొట్టుల చింతగింజల అంబలి పిసికి
మొకాలు చేసేటోడట.
ఈమెకు కట్టెపొట్టు సాలలె.
బొగ్గు ఊరి పొట్టు ఏందో ఎతుక్కుంట
ఇక్కడ ఒక అర్ర కిరాయికి తీసుకున్నది.

ముందు బూడిద.
కరెంటు ఫ్యాక్టరీ బూడిద, నాలుగు సంచులు,
ఇటుకల లారీ డ్రైవర్‌ను బతిమిలాడి.
ఐదు పాళ్లు బూడిద, రెండు పాళ్లు అంబలి.
ఎండల పెట్టిన మొకం మాపటికి
నుదుటి నుంచి గదుమ దాక పలిగింది.
"నవ్వుతున్నడు చూడన్నా" అని పట్టుకొచ్చింది.
నాకైతే నవ్వు రాలె.

బెల్టు రబ్బరుకు రంగు పట్టలె,
పాము కుబుసం లెక్క లేచొచ్చింది.
దాన్ని చెవులకు కోసింది.
ఇనుప తాడు పోగులు ఇప్పి మీసాలు పెడితె
చేతులు చీరుకపోయినయి, తీసేసింది.
అన్నీ ఒక కాపీల రాసుకుంటది:
పలిగింది. పట్టలె. గ్రీజు వాసన పోతలేదు.
మల్ల చూడాలె.
నా లెక్కల బుక్కు కన్న మందమది.

తుప్పు మాత్రం మాటిన్నది.
గుడ్డల జల్లించి, నూరి,
తుమ్మబంకల కలిపి బట్ట మీద పూస్తె
వాళ్ల తాత బొమ్మల వెనకాల ఏసే ఎరుపు ఉన్నదే,
అది కాదు.
దాని కన్న ఒక మెట్టు కింది ఎరుపు.
షిఫ్టు దిగినోడు మొకం కడుక్కున్నంక
నలుపంత కొట్టుకపోయి
కండ్ల చుట్టు మిగులుతదే, అసుంటిది.

ఇగ నా సంగతి చెప్త.
కాంటా కాడ నేను రోజు అనే మాట ఒకటున్నది:
"తుప్పు కింద కిలోకు నూరు గ్రాములు తరుగు."
క్వార్టర్ ఖాళీ చేసే నాడు
లస్మక్క నెత్తి మీద మోసుకొచ్చిన ఇనుప మంచం,
రిటైరైనంక ఓదెలు అమ్ముకున్న సైకిల్,
ఎవ్వల్ని ఇడిసిపెట్టలె.
ఆ నూరు నూరు గ్రాములతోనే
ఇంటి మీద స్లాబు పోసిన.

మొన్న పాలపొడి డబ్బ పట్టుకొని వచ్చింది.
"ఊకెనే తీస్కపో చెల్లె" అన్న.
"వద్దన్నా, కాంటా పెట్టు. నీ సరుకు కదా."

నా సరుకా.

పెట్టిన. కిలో మీద రెండు వందల ముప్పై.
అలవాటున నోటి దాక వచ్చింది:
తుప్పు కింద...
ఆగిన.
తుప్పుల నుంచి తుప్పెట్ల తీసేది?

ఆమె ఇనలె. వంగి చిల్లర లెక్కపెడుతున్నది.
రెండో షిఫ్టు సైరన్ మోగింది.
ఎర్రవడ్డ వేళ్లతోనే బుక్కు తీసి
సరుకు కాడ "తరుగు" అని రాసిన.
రేటు కాడ
ఇప్పటి దాక ఏం రాయలె.