చిల్లర లేదు

ముప్పయ్యొక్క ఏండ్లు
తోలు సంచి పట్టెడ భుజం కోసింది.
పరకాల బస్సుల, ములుగు బస్సుల
వేళ్ల సందుల నోట్లు మడిచి పెట్టి
అరచేతిల పైసలు ఆడించుకుంట
ఎన్ని లక్షలు డిపోల అప్పజెప్పిన్నో,
ఒక్క రూపాయి నాది కాదు.

ఒకసారి ఆత్మకూరు స్టేజీకాడ ఎక్కిన ముసలమ్మ
కొంగుముడి ఇప్పి పావలా ఇచ్చింది.
రంగు వేరు, బరువు వేరు.
హాలీ సిక్క. నేను పుట్టకముందే చెల్లకుండ పోయిన పైస.
"ఇది నడవదవ్వా" అన్న.
"ఎందుకు నడవదు బిడ్డా, నేను నడుస్తలేనా" అన్నది.
నా జేబులకెళ్లి సంచిల పైసలేసి
ఆ పావలా ఉంచుకున్న.
గదీ మొదలు.

ఇప్పుడు రిటైరైన పైసలొచ్చినయి.
పై రేకులు మార్చినం, చిట్టీ బాకీ కట్టినం,
సరోజన మోకాలికి సూదులేయించినం.
నలభై వేలు మిగిలినయి.
"బంగారం కొను" అన్నది సరోజన,
"నడిచే పైసలిచ్చి నడవని పైస తెచ్చుకుంటరా ఎవలన్న?"
మాట ఖరే.
నాకేమో నిద్రల కూడ వెండి చప్పుడు.

మండిబజార్ల బర్కత్ సాబ్
గడియారాలు బాగుచేసే బల్ల మీద నల్లగుడ్డ పరిచి
రెండు రూపాయలు పెట్టిండు.
రెంటి మీదా అదే చార్మినార్.
ఒకటి తళతళ మెరుస్తున్నది.
ఇంకోటి ముసురు పట్టిన ఆకాశం రంగు.
మెరిసేదాని మీదికి చెయ్యి పోంగనే నవ్విండు:
"దీన్ని ఎవడో చింతపండు పెట్టి తోమిండన్నా.
మురికి పోయిందనుకున్నడు.
పోయింది వయసు.
ఇగ దీనికి వెండి ధరనే."

భూతద్దం చేతికిచ్చి
బూడిద రంగుది ముందుకు జరిపిండు.
"గుమ్మం చూడు."
కమాను నడుమ, చీమ తలకాయంత జాగల
ఒక అక్షరం.
"అయిన్. నిజాము పేరుల మొదటిది.
పొట్టిగ ఉంటే ఒక ధర, నిండుగ ఉంటే ఒక ధర."
మా నాయిన ఉర్దూల దస్తకత్ చేసేటోడు.
నాకు రాలేదు.
అరవై ఏండ్లకు ఒక్క అక్షరం నేర్చుకున్న,
అదీ నలభై వేలు ఫీజు కట్టి.

"పెరుగుతదా సాబ్?"
"పెరుగుతది. కని కొనేటోడు దొరకాలె.
బంగారం ఏ దుకాణంల పెట్టినా బంగారమే.
ఇది ఎరికున్నోనికే రూపాయి.
ధర పడ్డ నాడు కూడ
దీని మొహం చూడబుద్ధయితదా?
అయితేనే కొను."

వేలితో తడమబోయిన.
"అంచు పట్టు, మొహం ముట్టకు" అని కసిరిండు.
బతుకంత పైసల మొహాలు ముట్టిన వేళ్లు
సిగ్గుపడి ఎనుకకొచ్చినయి.

అరిగినదానికి ధర లేదట.
అంటే ఈ రూపాయి
ఏ అంగట్ల ఉప్పు కొనలేదు,
ఎవల కొంగుల చెమట పీల్చలేదు.
పని చెయ్యనందుకు దీనికింత విలువ.
ముసలమ్మ పావలా తీసి పక్కన పెట్టిన.
నాలుగు మినార్లు అరిగి ఒక్క బొడిపైంది.
"ఛాయ పైసలొస్తయి" అన్నడు బర్కత్ సాబ్,
అనుకుంట దాన్నే చానాసేపు చూసిండు.

కొన్న.
అలవాటు పోక రెండుసార్లు లెక్కవెట్టిచ్చిన.

చౌరస్తాల బస్సెక్కి
అంగీ జేబుల పొట్లం మీద చెయ్యి పెట్టి కూసున్న.
కండక్టర్ పిల్ల మిషన్ పట్టుకొని వచ్చి
నా ఐదువందల నోటు చూసి మొహం చిట్లించింది.
"చిల్లర లేదా పెద్దాయనా?"
రూపాయి గుండె మీద సల్లగున్నది,
దాని పక్కన పావలా.
"లేదు బిడ్డా" అన్న.

టికెట్ ఎనుక బాకీ రాసిచ్చింది,
అంకెల కింద అడ్డగీత గీసి,
నేను గీసినట్టే.