నూట యాభై

మార్చి. యార్డులో ఎటు చూసినా టిక్కీలే.
సర్వర్ గదిలో ఫ్యాను కూడా తుమ్ముతోంది.
మెమరీ నిండిపోయింది. ఎవరు తిన్నారని చూస్తే
క్యాష్.
అకౌంటెంటు ఉలిక్కిపడ్డాడు.
ఆ క్యాష్ కాదండీ,
ఒకసారి తెరిచిన ఫైలల్లా
మళ్లీ అడుగుతారేమోనని ఒళ్లో పెట్టుకు కూచునేది:
నిన్నటి తేజ ధర, మొన్నటి తాలుకాయ తూకం,
ఎప్పుడో గేటు దాటిన లారీ నంబరు.

"ఖాళీ చేసెయ్" అన్నారు పైనుంచి.
మూడు అని కొట్టాను. అంతే.
గీత నేలకు దిగింది. హమ్మయ్య అన్నారు.

పావుగంటకి ఒక లాట్ నంబరు అడిగితే
డిస్కు గరగరమంటూ
చీకటి గోడౌన్లో తాళంచెవి వెతుక్కుంటోంది.
యడ్లపాడు రైతు చీటీ మడత విప్పాడు,
మళ్లీ మడిచాడు.

కాటా దగ్గర్నుంచి నాగుల్‌మీరా
తలెత్తకుండానే అన్నాడు:
"నలభై రెండు టిక్కీలు. రెండు తాలు. పోయిన బుధవారం."

ఆ రాత్రి ఒత్తిడి అంకెని
నూరు నుంచి నూట యాభైకి జరిపాను.
మరిచిపో, కానీ
అడిగినవాళ్ల మొహం చూసి మరిచిపో.
అలాంటి అంకె లేదని తెలుసు.
కళ్లు మండుతున్నాయి, కారమే అనుకుంటా.

నాగుల్‌మీరాని ఖాళీ చెయ్యమని
ఇంకా ఎవరూ అనలేదు.