ముప్పై సెకన్లు

పొద్దున పదింటికి షట్టర్ లేపి
అగర్బత్తి ముట్టించి స్విచ్చేస్తే
నల్ల తెర మీద తెల్లగ రెండు లైన్లు.
ఒకటి పాతది, ఒకటి కొత్తది.
కింద ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది...
ఏదీ చెప్పకుంటే కొత్తదే తెరుచుకుంటది.
ఊకున్నోళ్లంత కొత్త దిక్కేనని
దాని లెక్క.

చత్తా బజార్ల పెండ్లి పత్రికల దుకాణం.
పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పాతదాంట్లనే నడుస్తది.
గుడులు, వత్తులు, కొమ్ములు
ఒక్కొక్కటి చేత్తోని అతికించే నా అక్షరాలు
అండ్లనే బతుకుతయి.
జీఎస్టీ బిల్లు కొట్టాలన్నా
పిల్లగాడు ఫోన్ల పంపిన ఫొటో దించాలన్నా
కొత్తదాంట్లకు పోవాలె.
పోవుడంటే ఏమున్నది, ఆర్పి మళ్ల ముట్టిచ్చుడే.
కుర్చీల నుంచి లేవకుండ
పదహారేండ్లు అటు, పదహారేండ్లు ఇటు.

ఈ ఏర్పాటు ఇఫ్తెకార్ భాయ్‌ది.
నోట్లె స్క్రూ పట్టుకొని హార్డ్ డిస్క్ రెండు వాటాలేసిండు.
"పాతది ముందెక్కియ్యాలె బాలమణమ్మా, తర్వాత కొత్తది.
ఉల్టా చేస్తే పాతది కొత్తదాన్ని గుర్తువట్టది.
అది పుట్టకముందటిది గదా."
మూడో వాటా చూపిచ్చి
"డీ డ్రైవ్ ఇద్దరిది, కొట్లాడరు" అన్నడు.
చాయ తాగి, మూడు వందలు తీసుకొని పోయిండు.

నేను చదివింది రెండు పూటల బడి.
పొద్దుగాల ఉర్దూ మీడియం, పగటీలి మేము.
అదే గది, అదే డస్టర్, అదే పలిగిన కిటికీ.
మేం పోయేసరికి బోర్డు మీద సగం తుడిచిన పాఠం
కుడి నుంచి ఎడమకు ఉరుకుతుండేది.
నా బెంచీ మీద ఎవరో కంపాస్ మొనతోని చెక్కిన్రు,
పడవ లెక్క వంగిన గీత, దాని కింద ఒక చుక్క.
పక్కన నా పేరుకని నేనొక "బ" చెక్కిన.
రెండూ ఒకటే చప్పుడని
ఇరవై ఏండ్లకు, ఒక ఉర్దూ పత్రిక కడుతుంటె తెలిసింది.
ఆ బడేనా మీదని ఇఫ్తెకార్ భాయ్‌ని అడిగిన.
"బడి అదే. బెంచీలెక్కడియి?
మేం చాప మీద కూసున్నం" అన్నడు.

పోయిన నెల ఒకామె వచ్చింది.
వానలకు నాలా ఇంట్లకొచ్చి కాగితాలన్నీ నానినయట.
పెండ్లి సర్టిఫికెట్‌కు పాత పత్రిక కావాలట.
ఏ సంవత్సరమని అడిగి, డీ డ్రైవ్‌ల వెతికి
సోయి లేక కొత్తదాంట్లనే తెరిచిన.
శుభమస్తు ఉండే జాగల
డాలర్ గుర్తులు, తలకిందుల ప్రశ్న గుర్తులు.
"నా పెండ్లి గిట్లనే ఉండె" అని
ఆమె నవ్వింది. నాకు నవ్వాల్నో వద్దో తెల్వలే.

ఆర్పి ముట్టిచ్చిన.
ముప్పై. ఇరవై తొమ్మిది.
పై బాణం నొక్కిన.
పాతది మెల్లగ లేస్తది, ముసలి దర్జీ సూదికి దారం ఎక్కిచ్చినట్టు.
ఫైలు తెరుచుకున్నది.
చిరంజీవి సౌభాగ్యవతి సంయుక్త.
క కింద త వత్తు
నేను ఆనాడు ఏ జాగల పెట్టిన్నో ఆ జాగలనే ఉన్నది,
వెంట్రుకవాసి ఎడమకు.
ఆమె తెర మీద వేలు పెట్టి
తేదీ దాకా చదివి, ఆగింది.
"రెండు కాపీలు చాలు" అన్నది.

ఓనర్ కొడుకు మొన్న చెప్పిండు,
దీపావళికి కొత్త మిషన్ వస్తదట, దాంట్ల ఒక్కటే ఉంటదట.
అప్పటికి పదకొండు వందల పత్రికలు
ఒక్కొక్క వత్తు చూసుకుంట మార్చాలె.
రోజుకు ఎనిమిదైతున్నయి.

రాత్రి ఆర్పేటప్పుడు మాత్రం
ఏదని అడగదు.
ఫ్యాన్ ఒక్కటే, గర్ర్‌మని కొంచెం సేపు తిరిగి
దుమ్ముతో సహా ఆగుతది.