డబ్బా

ఐదు లీటర్ల డబ్బా ఇచ్చింది ల్యాబు పిల్ల.
"రేపు పొద్దున మొదటిది పారబొయ్యండి.
అక్కణ్ణుంచి ఎల్లుండి పొద్దుటి దాకా
ఒక్క చుక్క బయటికి పోకూడదు.
చల్లగా పెట్టుకోవాల."

నవ్వొచ్చింది నాకు.
పద్దెనిమిదేండ్లు ఈ స్టీరింగు ముందర కూచోని
బాగా నేర్చుకున్న విద్య ఒకటే, ఆపుకోవడం.
హెబ్బాళలో ఎక్కితే సిల్క్ బోర్డు దాకా
గొంతు తడుపుకోను.
తాగితే దిగాల. దిగితే లేటు. లేటైతే మెమో.

డిపో క్యాంటీను ఫ్రిజ్జులో, పాల ప్యాకెట్ల ఎనక
డబ్బా పెట్టింది కండక్టరు బసలింగవ్వ.
"ఇది మజ్జిగ కాదు" అని కన్నడంలో చీటీ రాసి
రెండు పక్కలా అంటించింది.
ఆ పొద్దు నాలుగు సార్లు బండి దిగినాను.
ఇన్నేండ్లలో ఎప్పుడూ లేదు.
ప్యాసింజర్లు తిట్టినారు. తిట్టనీ,
పరీక్ష కదా.

అంతకు ముందు డాక్టరమ్మ, ఉడుప ఆమె పేరు,
మందుల చీటీ ఎనక బొమ్మ గీసింది.
రెండు మూత్రపిండాలు, నెత్తిన చెరొక టోపీ.
ఇంతే, రూపాయి బిళ్ళంత బరువు, అంది.
మొన్న కె.ఆర్. పురం కాడ
స్కూటరు మీద ముగ్గురు, నడుమ పసిబిడ్డ,
బస్సు మూతి ముందరే అడ్డం కొట్టినప్పుడు
బ్రేకు తొక్కినాక కూడా
నా గుండె మహదేవపుర దాకా దడదడలాడింది చూడు,
అది ఈ టోపీల పనేనంట.
"ఒక్క స్కూటరుకైతే మంచిదే.
మీకు రోజుకు నాలుగు వందల స్కూటర్లు."

నిజమే. ఇంటికి పోయినా స్కూటర్లు ఆగవు.
పడుకుంటే కుడికాలు దుప్పట్లో బ్రేకు ఎతుకుతాది.
తెల్లారి మూడుకు కండ్లు తెరుచుకుంటాయి,
ఎవరో బెల్లు లాగినట్టు.
చేతులు సన్నబడి పొట్ట ముందరికొచ్చింది.
బీపీ, దాని ఎనకే చక్కెర.
జ్వరం వస్తే పోయేదానికి నెల.
ఇవన్నీ డాక్టరమ్మ అడిగింది, చెప్పినాను.
ఆమె అడగనిది ఒకటుంది.

ఉప్పు తక్కువైందని ఒక రాత్రి తట్ట విసిరినాను.
ఉప్పు సరిగ్గానే ఉంది.
గోడకు అంటుకున్న సంగటిని గీకుతా
చిన్నది నా దిక్కు చూడలేదు.

రిపోర్టు వచ్చింది.
కంతి లేదు, గడ్డ లేదు, గ్రంథి బాగుంది.
నాకు దిగులేసింది.
రోగానికి ఒక పేరంటూ దొరికితే
లైట్ డ్యూటీ అడగొచ్చని ఆశపడి ఉన్నా.
"అలిసిపోయిందేమో మేడమ్,
ఫోన్లో అట్లనే చెప్తా ఉంటారు" అన్నాను.
"అలిసిపోలేదప్పా. అది చెప్పిన మాట వింటా ఉంది.
పైనుంచి మెదడు విజిలు ఊదతానే ఉంది,
అది రైట్ రైట్ అని పోతానే ఉంది.
హోల్డాన్ అనేవాళ్ళు లేరు."

నాకు అర్థమైంది.
రాత్రి డిపోకొచ్చినా ఇంజిను ఆపని బండి.
చక్రాలు కదలవు, డీజిలు కాలతానే ఉంటాది,
తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ.
మెకానిక్కు గుర్రప్పకు చూపిస్తే ఏమంటాడు?
"బండిలో తప్పేం లేదన్నా, తాళం తిప్పు" అంటాడు.
తాళం ఎవురి చేతిలో ఉందో
గుర్రప్పకు తెలీదు. డాక్టరమ్మకూ తెలీదు.
నాకు సగం తెలుసు.

ఖాళీ డబ్బా అడిగితే ల్యాబు పిల్ల ఇవ్వలేదు.
ఎందుకు అడిగినానో నాకే తెలీదు.

ఈ పొద్దు సిల్క్ బోర్డులో ట్రిప్పు అయిపోతూనే
ఇంజిను ఆపి, దిగి, నిదానంగా నడిచి
గోడ మీద తమలపాకు మరకలున్న ఆ గదిలో
నిలబడినాను, ఒళ్ళంతా వదులయ్యే దాకా.
బయట బసలింగవ్వ రెండుసార్లు విజిలేసింది.
తొందర కోసం కాదు, నవ్వతా ఉంది.
కంట్రోలరు గడియారం చూసి
మూడు నిమిషాలు లేటని రాసుకున్నాడు.

రాసుకోనీ.
పొయ్యి సీసాలో నీళ్ళు పట్టుకున్నాను.
సగం తాగినాను.