పన్నెండో చోటు

నాలుగు రోజులు, పదకొండు చోట్లు.
ఓస్ట్రావాలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని
రాదిమ్ ఎర్రసిరాతో రాసుకున్నాడు:
కోట, నదిగట్టు బురుజు, ఓడల మ్యూజియం,
ఇరవై ఎనిమిదో నంబరు ట్రాము.
ఒక్కోదాని పక్కన ఒక్కో చిన్న గడి,
చూశాక టిక్కు పెట్టడానికి.

లిస్బన్‌లో దిగేసరికి వాన.
పనుండి వచ్చి, పని చూసుకుని పోయే
మా ఊరి వాన కాదది.
సముద్రం మీంచి చుట్టపుచూపుగా వచ్చి
మంచం దిగనని కూర్చున్న వాన.

ట్రాములు మూడు వెళ్ళిపోయాయి.
మొదటిది కిక్కిరిసి,
రెండోది అంతకన్నా కిక్కిరిసి.
మూడోదాని డ్రైవరు
ఏం చెయ్యమంటారన్నట్టు చెయ్యి తిప్పాడు.
విటెక్ ఎంతో సంతోషంగా తిరిగి చెయ్యూపాడు.
వాడికి ఊరు చూడటమంటే అంతే.

మా అత్తగారు లుద్మిలా
విమానాశ్రయం నుంచి నాతో మాట్లాడటం లేదు.
ఆవిడ గుడ్డలో చుట్టి తెచ్చిన ప్లమ్‌పళ్ళ జామ్
తనిఖీవాళ్ళు తీసి తొట్టిలో పడేస్తుంటే
"ముందే చెప్పానుగా" అన్నాను.
ఒక్కసారే అన్నాను.
మెల్లగానే అన్నాను.
అయినా ఆ సీసా నా నోట్లోనే పగిలింది.

గ్రాసా కొండ దిగుతున్నాం.
తెల్లరాళ్ళ బాట సబ్బు రాసినట్టుంది.
విటెక్ జారి, నీటిగుంటలో చతికిలబడి,
ఏడవాలా నవ్వాలా అని మా మొహాలు చూశాడు.
తెచ్చినవి రెండే ప్యాంట్లు.
రెండోది నిన్ననే తడిసింది.

అలా దొరికింది ఆ లాండ్రీ.
ఆరు యంత్రాలు, ఒక ప్లాస్టిక్ బెంచీ,
గోడకి నీలం పింగాణీ పలకలు, మూడుచోట్ల ఊడి.
గుమ్మం అవతల ఎవరో గొడుగు కింద
చెస్ట్‌నట్లు కాలుస్తున్నారు,
పొగంతా మా మీదికే.
రాదిమ్ జేబులోంచి జాబితా తీశాడు.
కోట కరిగి బురుజులోకి కారింది,
బురుజు ట్రాములోకి.
గడులు మాత్రం మిగిలాయి, ఖాళీగా.

విటెక్ మా నాన్న స్వెటరు కప్పుకుని
యంత్రం గుండ్రటి అద్దానికి ముక్కు ఆనించి
తన ప్యాంటు పల్టీలు కొట్టడం చూస్తున్నాడు.
"మళ్ళీ వచ్చింది! మళ్ళీ వచ్చింది!"

జుల్మీరా వచ్చింది అప్పుడే,
పై వీధి లాడ్జీ దుప్పట్లు ఉతికే మనిషి.
డ్రైయర్లోంచి వేడి దుప్పటి లాగి
రెండు కొసలు అత్తగారి చేతిలో పెట్టింది,
రెండు నా చేతిలో.
అడగలేదు. అడిగినా మాకు అర్థం కాదు.
గాల్లో చేతులతో చెప్పింది:
దూరం జరగండి.
లాగండి.
ఇప్పుడు దగ్గరికి.

దగ్గరికి వెళ్ళాను.
నా కొసలు ఆవిడ కొసలకి కలిశాయి.
గుడ్డ వేడిగా ఉంది, ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.
ఆవిడ నా మెడలో పూసలకేసి చూసింది,
నేను ఆవిడ కోటు బొత్తాలకేసి.
మళ్ళీ వెనక్కి. మళ్ళీ లాగి. మళ్ళీ దగ్గరికి.

నాలుగో దుప్పటికి అంది అత్తగారు:
"అంత వదులుగా పట్టుకుంటే ముడతలు పోతాయా?"
రెండు రోజుల తర్వాత మొదటి మాట.
బిగించి పట్టుకున్నాను.

పదమూడు దుప్పట్లు.
కూలి కింద జుల్మీరా
కాగితం పొట్లంలో చెస్ట్‌నట్లు కొనిచ్చింది.
వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తిన్నాం.
వాన ఆగలేదు.
ఎవరూ ఆగమని అనుకోలేదు కూడా.

బడిలో సెలవుల బొమ్మ వెయ్యమంటే
విటెక్ ఒక గుండ్రటి కిటికీ వేశాడు,
లోపల నీలంగా ఏదో సుడి తిరుగుతోంది.
టీచరు అడిగిందట: "ఇది ఓడా?"
"కాదు, లిస్బన్" అన్నాడట.

మా బట్టల్లో కలిసిపోయి
ఒక పసుపుపచ్చ సాక్సు వచ్చింది, మాది కాదు.
పారెయ్యబోతే అత్తగారు లాక్కుంది.
ప్రతి శనివారం మా వాటితోపాటే ఉతికి
తీగకి చివర, ఒంటరిగా, క్లిప్పు పెడుతుంది.
"దీని జోడీ ఏదీ?" అంటే,
"అక్కడే" అంటుంది,
"ఇంకా ట్రాము కోసం నిలబడి ఉంటుంది."